ఉపసంహారం తెలియని అస్త్రం

అస్త్రవిద్యకు ప్రయోగం, ఉపసంహారం అని రెండు అంగాలు. మంత్రపూర్వకంగా అస్త్రాన్ని విడువడం ప్రయోగం. విడిచినదానిని మరల స్వాధీనంలోనికి తెచ్చుకొని శాంతింపజేయడం ఉపసంహారం. మహాభారత సౌప్తికపర్వంలో ఈ భేదం అత్యంత దారుణమైన ఘట్టంలో బయటపడుతుంది. అశ్వత్థామ ఒక గడ్డిపోచను అభిమంత్రించి బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని ప్రయోగిస్తాడు. దానికి ప్రతిగా అర్జునుడు కూడ ఆ అస్త్రాన్నే విడుస్తాడు. లోకక్షయం సంభవించబోతున్నదని వ్యాసనారదులు ఆ రెండింటి నడుమ నిలిచి, ఉపసంహరించండని శాసిస్తారు. అర్జునుడు తన అస్త్రాన్ని వెనుకకు తీసుకొనగలిగాడు. అశ్వత్థామకు అది చేతకాలేదు. గురువు ఒక్కడే, మంత్రం ఒక్కటే. ఒకనికి విద్య పూర్తిగా అబ్బింది, మరొకనికి సగమే అబ్బింది. ఆ సగం విద్య పోయి ఉత్తరాగర్భం మీద పడింది.

ఇటువంటి ప్రస్తావన రాగానే సాధారణంగా అభిమన్యుడు స్ఫురిస్తాడు. వ్యూహప్రవేశం తెలిసి నిర్గమనం తెలియనివాడు గనుక. అయితే అభిమన్యుని విద్యాలోపానికి మూల్యం అభిమన్యుడే చెల్లించాడు. అశ్వత్థామ లోపానికి మూల్యం చెల్లించినవారు వేరొకరు. ఇక్కడ ప్రస్తావించబోయే వృత్తాంతానికి అశ్వత్థామయే సన్నిహితుడు.

దేవతార్చనలోనూ ఈ నియమమే కనబడుతుంది. ఆవాహనతో ఆరంభమైన పూజ ఉద్వాసనతో పరిసమాప్తమవుతుంది. పిలవడం తెలిసి సాగనంపడం తెలియనివానిని పెద్దలు అర్చకుడని అంగీకరించరు. (ఉద్వాసన అనే మాట ఈనాడు ఉద్యోగం నుండి తొలగించడమనే అర్థంలో వాడుకలోనికి రావడం కాలవైచిత్రి. పూజలో ఉద్వాసన వెళ్ళగొట్టడం కాదు. ఇంటికి వచ్చిన పెద్దను వీధివాకిలి వరకు వెంట నడిచి సాగనంపడం వంటిది.)

విమానయానంలో ఎగరడం ప్రయోగమైతే, నేలకు దిగడం ఉపసంహారం. తెనాలిలో ఒక జూనియర్ కళాశాలలో గణితం బోధించే ఉపాధ్యాయుడొకరు ఈ రెండవ అంగాన్ని నలభయ్యవ ఏట అభ్యసించారు. నిజమైన విమానంలో కాదు. ఇంటిలో, ఒక పాత కంప్యూటరు ముందు కూర్చుని, రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానాలను అనుకరించే ఒక క్రీడలో. ఇటువంటివానిని ఫ్లైట్ సిమ్యులేటర్లు అంటారు. వేదాంతవిషయాల మధ్య క్రీడాప్రస్తావన ఏమిటని శంకించే పాఠకులు కొంత ఓపిక వహించవలసి ఉంటుంది. పుష్పకవిమానాన్ని మాత్రం ఈ వ్యాసంలోనికి లాగడం లేదు. అది తలచినచోటికి తలచినట్లు పోయి దిగేది. దానిని దించడం ఎవరూ నేర్చుకొనవలసిన అవసరం లేకపోయింది.

ఆ ఉపాధ్యాయునికి బాల్యం నుండి ఒకే కోరిక. యుద్ధవిమానం నడపాలి. పద్దెనిమిదవ ఏట జాతీయ రక్షణ అకాడమీ ప్రవేశపరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. తరువాతి ముఖాముఖి పరీక్షలలోనూ నెగ్గారు. చివరిది వైద్యపరీక్ష. అక్కడ ఒక పుస్తకం తెరిచి ముందు పెట్టారు. జపాను దేశపు నేత్రవైద్యుడు ఇషిహారా 1917లో రూపొందించిన వర్ణఫలకాలవి. రంగురంగుల చుక్కల మధ్య ఒక అంకె దాగి ఉంటుంది. వర్ణదృష్టి సక్రమంగా ఉన్నవారికి ఆ అంకె ఎదురుగా నిలుస్తుంది. ఆయనకు చాలా పుటలలో చుక్కలే కనబడ్డాయి. ఎరుపు, ఆకుపచ్చల భేదాన్ని గ్రహించే శక్తి ఆ కన్నులకు లేదని, విమానచోదకత్వానికి అనర్హులని తేల్చారు. అప్పటివరకు ఆ లోపం ఉన్నదని ఆయనకే తెలియదు. పుట్టుకతో చూస్తున్న లోకమే లోకమని ఎవరైనా అనుకొంటారు గదా.

ఈ లోపం సంక్రమించే విధానం విచిత్రమైనది. ఇది తల్లి ద్వారా కుమారునికి వస్తుంది. తల్లికి రంగులన్నీ చక్కగా తెలుస్తాయి. ఆమె దానిని తన తండ్రి నుండి బీజరూపంలో మోసుకొనివచ్చి, తాను అనుభవించకుండానే కుమారునికి అందిస్తుంది. ఊరికి తిరిగివచ్చిన తరువాత కళ్ళవైద్యుడు ఈ విషయాన్ని తల్లీకొడుకులిద్దరినీ కూర్చోబెట్టి వివరించాడు. ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూ ఆ పద్దెనిమిదేళ్ళ యువకుడు ఒకే ఒక వాక్యం అన్నాడు.

"మీ పుట్టింటివాళ్ళు మంచి సారె పెట్టారమ్మా."

అంతే. ఆ తరువాత కోపం లేదు, కలహం లేదు. ఆయన గణితంలో పట్టా పుచ్చుకొన్నారు. ఉద్యోగంలో చేరారు. తల్లిని తనవద్దనే ఉంచుకొని ఏ లోటూ లేకుండ చూసుకొంటున్నారు. అయితే ఆ తల్లి తన తండ్రిని గురించి ఆ ఇంట్లో మరల మాట్లాడలేదు. అంతకుముందు పండుగపూట నలుగురు చేరితే ఆమె తన తండ్రిని గురించి ఒక హాస్యకథ చెప్పేది. విన్నవారే మళ్ళీ మళ్ళీ చెప్పించుకొని నవ్వేవారు. ఆ కథ ఆగిపోయింది. ఆగిపోయిందని కుమారుడు గమనించారు. ఎందుకు ఆగిపోయిందో కూడ ఆయనకు తెలుసు. వాక్కు అస్త్రమని పెద్దలు అంటారు. విడిచిన వాక్యాన్ని వెనుకకు తీసుకొనే మంత్రం తెలియక ఇరవైమూడేళ్ళు గడిచాయి.

ఒక వేసవిలో మేనకోడలు సెలవులకు వచ్చి, ఇంటిలో మూలన పడి ఉన్న కంప్యూటరును శుభ్రం చేసి, అందులో ఐఎల్-2 స్టుర్మోవిక్ అనే క్రీడను పెట్టింది. ఇది రష్యాలో ఓలెగ్ మడ్డాక్స్ నాయకత్వాన రూపొందినది. మొదట 2001లో వచ్చింది. అనంతరం వెలువడిన భాగాలన్నింటినీ కలిపి 2006లో '1946' అనే పేరుతో సంపుటంగా వచ్చింది. పేరులోని ఐఎల్-2 సోవియట్ దేశపు భూతలదాడి విమానం. చరిత్రలో అంత అధికసంఖ్యలో నిర్మితమైన యుద్ధవిమానం మరొకటి లేదు. ఈనాటి దృష్టితో చూస్తే ఆ క్రీడలోని చెట్లు అట్టముక్కల వలె ఉంటాయి. కాని విమానం రెక్కమీద గాలి ప్రవర్తించే తీరును అందులో చాలా శ్రద్ధగా గణించారు. గణితోపాధ్యాయుడు గనుక ఆయనను కట్టిపడవేసినది అదే.

ఇందులో కాఠిన్యాన్ని నిర్ణయించే ఐచ్ఛికాల పట్టిక ఒకటుంది. గాలివాటం ఉండాలా, ఇంజిను వేడెక్కాలా, తూటాలు అయిపోవాలా, శత్రువిమానం పక్కన దాని పేరు కనబడాలా అని ఒక్కొక్కదానినీ పెట్టుకొనవచ్చు, తీసివేయవచ్చు. ఆరోహణావరోహణలు అనే అంశం కూడ ఆ పట్టికలో ఉంది. దానిని తీసివేస్తే విమానం ఆకాశంలోనే ఆరంభమవుతుంది. నేలతో పని లేదు. ఆయన దానిని తీసివేసి ఉంచారు. సుమారు ఒక సంవత్సరం ప్రతిరాత్రి ఆకాశంలో పుట్టి, యుద్ధం చేసి, ఒక మీట నొక్కి ఆకాశంలోనే నిష్క్రమించేవారు. యుద్ధంలో ఆరితేరారు. శత్రువుకు పైనుండి, సూర్యుని వెనుకనుండి రావడం, వేగాన్ని ఎత్తుగా, ఎత్తును వేగంగా మార్చుకొనడం, ఎదుటివాడు ఉన్నచోటికి కాక ఉండబోయేచోటికి గురిపెట్టడం అన్నీ పట్టుబడ్డాయి. నిద్ర మాత్రం దూరమైంది. పక్కమీద పడుకొన్నా చేయి ఏదో పట్టుకొన్నట్లు బిగిసి ఉండేది. జపానంతరం కొంతసేపు మౌనంగా కూర్చోకుండా ఆఫీసుకు పరుగెత్తే సాధకునికి కలిగే అస్థిమితం వంటిదే ఇది. ఆరంభించినదానిని ఎక్కడో ఒకచోట దించి రావాలి.

మరుసటి వేసవిలో మేనకోడలు పక్కన కూర్చుని కొంతసేపు చూసింది.

"మామయ్యా, నువ్వు ఇంతవరకు ఒక్కసారి కూడా కిందికి దిగలేదా?"

"దిగడం ఎందుకే? యుద్ధం పైనే కదా."

"మరి ఇంటికెలా వస్తారు?"

ఆయన వద్ద సమాధానం లేదు. ఆ రాత్రి పట్టికలో ఆ అంశాన్ని తిరిగి చేర్చారు.

అసత్యమైన ఆకాశంలో, అసత్యమైన విమానంలో చేసిన అభ్యాసానికి విలువ ఉంటుందా అనే ప్రశ్నను ఇక్కడ విచారించడం ఉచితం. నిషాదపుత్రుడైన ఏకలవ్యుడు మట్టిబొమ్మను గురువుగా నిలుపుకొని ధనుర్విద్య నేర్చుకొన్నాడు. గురువు కల్పితం, విద్య యథార్థం. ఆధునికకాలంలోనూ ఇటువంటిది జరిగింది. అమెరికాలోని బింగ్‌హామ్‌టన్‌లో ఎడ్విన్ లింక్ అనే వ్యక్తి తండ్రి ఆర్గన్ వాద్యాలు తయారుచేసే కర్మాగారం నడిపేవాడు. మన హార్మోనియంలో వలె వాటిలోనూ గాలితిత్తులే ప్రధానం. ఆ తిత్తులతోనే లింక్ 1929లో ఒక పొట్టి విమానాన్ని తయారుచేశాడు. అది గదిలోనే ఉండి ఊగుతుంది, వాలుతుంది, తిరుగుతుంది. మొదట దానిని సంతల్లో వినోదయంత్రంగానే చూశారు. 1934లో అమెరికా సైన్యపు చోదకులు తపాలా మోసే పనికి దిగి, మబ్బులలో దిక్కు తెలియక అనేకులు మరణించిన తరువాత, ఆ సైన్యమే వెళ్ళి ఆరు యంత్రాలు కొన్నది. రెండవ ప్రపంచయుద్ధంలో చోదకులు అసంఖ్యాకంగా మొదట ఎగిరినది ఆ తిత్తుల విమానంలోనే.

అద్వైతసంప్రదాయంలో స్వప్నసింహం అనే దృష్టాంతం ప్రసిద్ధం. కలలో సింహం మీదకు దూకగా ఉలిక్కిపడి మేల్కొన్నవానికి ఆ సింహం అసత్యమే. మేలుకొనడం మాత్రం సత్యం. ప్రాతిభాసికమైన వస్తువు వ్యావహారికంలో ఫలమివ్వగలదనడానికి దీనిని చెబుతారు. అయితే ఆ కలలోనే అతడు ఒక రాజ్యం జయించి ఉంటే, తెల్లవారిన తరువాత అందులో గవ్వంత నేల కూడ వెంటరాదు. గౌడపాదాచార్యులు మాండూక్యకారికలలో స్వప్నజాగ్రత్తుల ప్రయోజనాలను విచారించినది ఈ కోణంలోనే. కల నుండి దాటి వచ్చేది జయం కాదు, మెలకువ. ఆ ఉపాధ్యాయుడు సంవత్సరంపాటు కూల్చిన విమానాలలో ఒక్కటీ ఈవలి ఒడ్డుకు రాలేదు. వచ్చినది వేరు. దానికి ముందు అభ్యాసం చెప్పుకోవాలి.

ఆయన స్పిట్‌ఫైర్ విమానాన్ని ఎంచుకొన్నారు. దానికి కారణం ఉంది. బ్రిటిష్ రాజ వైమానికదళంలో 152వ దళానికి హైదరాబాద్ దళమని పేరు. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా ఆ పేరు పెట్టారు. దాని చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా. 1940లో ఆ దళం స్పిట్‌ఫైర్లతో ఇంగ్లండ్ దక్షిణతీరాన వార్మ్‌వెల్ నుండి పోరాడింది. తరువాత బర్మా యుద్ధరంగానికి వచ్చింది. హైదరాబాద్ పేరుతో హరికేన్ విమానాలు నడిపిన దళం మరొకటి కూడ ఉండేది, 253వది. హరికేన్ చక్రాలు ఎడంగా ఉంటాయి గనుక దించడం కొంత సులభం. స్పిట్‌ఫైర్ కాళ్ళు ఇరుకు. జర్మనుల మెస్సర్‌ష్మిట్ 109కు కూడ ఆ ఇరుకుకాళ్ళే. శత్రువు చేతిలో కాక ఎగరడంలో, దిగడంలో ధ్వంసమైనవి వాటిలో ఎన్నో. సులభమైనది వదిలి కఠినమైనది ఎందుకు పట్టుకొన్నారంటే, తలపాగా అభిమానం కంటె వేరే హేతువు కనబడదు.

తొలిరోజు విమానం నేలను విడవనేలేదు. ఇంజిను శక్తిని ఒక్కసారిగా పెంచగానే ముక్కు ఎడమకు తిరిగి గడ్డిలోనికి పోయింది. పంకా కుడివైపుకు తిరుగుతుంటే విమానం ఎడమకు మొగ్గుతుంది. దానికి విరుగుడుగా కుడిపాదంతో చుక్కానిని నొక్కాలి. (ఆయన వద్ద పాదపీఠాలు లేవు. చేతికర్రను మెలితిప్పడమే.) అయితే ముక్కు తిరిగినది చూసి నొక్కితే ఆలస్యమైపోయినట్లే. ముక్కు తిరగకముందే, తిరగబోతున్నదని తెలిసి నొక్కి ఉండాలి. శక్తిని కూడ తొందరపడక, పాలు పొంగకుండ మంట పెంచినట్లు కొంచెం కొంచెం పెంచాలి. ఇది వారంలో వచ్చింది.

అవరోహణకు ఐదు నెలలు పట్టింది. లెక్కల మాస్టారు గనుక ఒక నోటుపుస్తకంలో ప్రతి ప్రయత్నాన్నీ వ్రాసుకొన్నారు. మొదటి నూరింటిలో విమానం చెక్కుచెదరకుండ నిలిచినవి నాలుగు. ఆ నాలుగూ అదృష్టమని పక్కనే వ్రాసుకొన్నారు.

స్పిట్‌ఫైర్ పొడవైన ముక్కు కలది. తిన్నగా దిగజూస్తే చోదకునికి విమానపు నాసాగ్రం తప్ప రన్‌వే కనబడదు. నాసాగ్రదృష్టి ధ్యానానికి ఎంత ఉపకారమో ఇక్కడ అంత అపకారం. అందుచేత వంపుతిరుగుతూ, పక్కనుండి నేలను చూస్తూ వచ్చి, చివరిక్షణంలో మాత్రమే తిన్నగా కావాలి. అంతకుముందే వేగాన్ని గంటకు 160 మైళ్ళకు లోపుగా తెచ్చి చక్రాలు దించాలి. ఆ తరువాత రెక్కల వెనుక ఫ్లాప్‌లు దించాలి. స్పిట్‌ఫైర్‌లో వాటికి మధ్యస్థితి లేదు, పూర్తిగా దిగడమో పూర్తిగా మూయడమో. అవి దిగగానే విమానం స్వభావమే మారిపోతుంది. చివరి వంపులో వేగం సుమారు 95 మైళ్ళు. అంతకంటె ఎక్కువైతే నేలమీద తేలుతూ పోయి రన్‌వే అయిపోతుంది. బాగా తక్కువైతే రెక్క పట్టుతప్పి ఒకవైపుకు ఒరుగుతుంది. ఆ ఎత్తులో ఒరిగితే లేవడం లేదు.

ఇదంతా లెక్క. లెక్క ఆయనకు త్వరగానే పట్టుబడింది. పట్టుబడనిది చివరి పది అడుగులు. నేల సమీపించగానే ఆయన చేయి విమానాన్ని నేలకు అదిమేది. అదిమితే చక్రాలు తాకి, విమానం కప్పవలె ఎగిరేది. భయంతో మరల అదిమితే మరింత ఎత్తుకు ఎగిరేది. మూడవ గెంతుకు పంకా నేలలో గుచ్చుకొనేది. గెంతిన విమానాన్ని అదిమి లొంగదీయవచ్చునని అనుకొనడమే తప్పు. గెంతినప్పుడు శక్తి పెంచి మరల పైకి పోవాలి, ఒక చుట్టు తిరిగి కొత్తగా రావాలి. అలా పైకి పోవడం అభిమానానికి కష్టంగా ఉంటుంది. నోటుపుస్తకంలో ఆ నెలల్లో 'పోవలసింది, పోలేదు' అనే మాట ఎన్నో పుటలలో ఉంది.

మేనకోడలు ఫోనులో ఒక మాట చెప్పింది. "దగ్గర నేల చూడకు మామయ్యా. రన్‌వే ఆ చివర చూడు." చక్రాల కింది నేలను చూస్తే అది దూసుకువస్తున్నట్లుంటుంది, చేయి కంగారుపడుతుంది. దూరపుకొనను చూస్తే తానెంత ఎత్తులో ఉన్నదీ కంటికి దానంతట అది తెలుస్తుంది. ఈ ఉపాయంతో గెంతులు తగ్గాయి. మిగిలిన రహస్యం ఆయనకు క్రమంగా విశదమైంది. నేలకు ఒకటి రెండు అడుగుల ఎత్తున విమానాన్ని సమంగా పట్టుకొని, ఇంజిను శక్తిని పూర్తిగా తగ్గించి, దిగకుండ ఆపాలి. వేగం క్షీణించినకొద్దీ విమానం కూలబోతుంది. కూలకుండ కర్రను కొద్దికొద్దిగా వెనుకకు తీసుకొంటూ పోవాలి. ముక్కు లేస్తుంది, వేగం ఇంకా తగ్గుతుంది, ఇంకా పట్టుకోవాలి. చివరకు రెక్క ఇక మోయలేని క్షణం వస్తుంది. ఆ క్షణాన ముందున్న రెండు చక్రాలు, తోకచక్రం, మూడూ కలిసి నేలను తాకుతాయి. అనగా దించడం తెలిసినవాడు విమానాన్ని దించడు. దిగనీయకుండ పట్టుకొంటాడు. దిగడం దానంతట అది జరుగుతుంది.

వైరాగ్యమంటే విసిరివేయడమని భావించేవారున్నారు. భార్యాబిడ్డలను వదిలి ఒక రాత్రి గోడ దూకి పోవడం వారికి వైరాగ్యం. అది నేలకు అదిమిన విమానం. మూడు గెంతులలో తిరిగి ఇంటికే వస్తుంది, విరిగి వస్తుంది. మృత్యుంజయమంత్రంలో దోసపండు ప్రస్తావన ఎందుకు వచ్చిందో తోటలో దోసపాదు చూసినవారికి తెలుస్తుంది. ఆ కాయను ఎవరూ తెంపరు. తీగ మోసినన్నాళ్ళు మోస్తుంది.

దిగిన తరువాత కూడ పని ముగియదు. ఇటువంటి విమానాల బరువు చక్రాలకు వెనుక ఉంటుంది. కనుక కాస్త పక్కకు తిరిగితే ఆ తిరగడం తనను తానే పెంచుకొంటుంది. అరచేతిమీద కర్రను నిలబెట్టినప్పుడు వలె ప్రతిక్షణం సవరిస్తూ ఉండాలి. బ్రేకు గట్టిగా పట్టితే ముక్కుమీద తలకిందులవుతుంది. పూర్తిగా ఆగేదాకా విమానం ఎగురుతున్నట్లే లెక్క. ఐదవ నెల చివర వరుసగా పది అవరోహణలు క్షేమంగా జరిగాయి. ఆ రాత్రుల్లో ఆయనకు నిద్ర పట్టింది.

పగటి అవరోహణ వచ్చింది గనుక రాత్రి అభ్యాసం ఆరంభించారు. చీకటిలో భోజనం చేస్తూ చేయి తప్పక నోటికి చేరడం గమనించి అర్జునుడు రాత్రివేళ విలువిద్య అభ్యసించిన కథ ఆయనకు బాల్యం నుండి ఇష్టం. సింహం దూకినది ఇక్కడే.

విమానాల రెక్కల కొనలకు దీపాలుంటాయి. చోదకునికి ఎడమరెక్క కొనన ఎరుపు, కుడిరెక్క కొనన ఆకుపచ్చ. ఇది సర్వదేశసమ్మతమైన నియమం. చీకటిలో విమానం కనబడదు, ఈ రెండు దీపాలే కనబడతాయి. చూసేవానికి ఎరుపు ఎడమవైపు ఉంటే ఆ విమానం తనకు దూరంగా పోతున్నది. ఎరుపు కుడివైపు ఉంటే అది తనమీదికే వస్తున్నది. ఆ రాత్రి దళమంతా తిరిగివచ్చి దిగడానికి వరుస కడుతున్నది. ఆయన ముందు రెండు దీపాలు కనబడ్డాయి. ముందుపోయే తోటివాడనుకొని ఆ దీపాల వెంట పోయారు. కొన్ని క్షణాలకు తెర అంతా మంట. మరునాడు మరల జరిగింది. మూడవ రాత్రి కూడ జరిగింది.

ఆ క్రీడలో జరిగినదానిని భద్రపరచి తిరిగి చూసుకొనే వీలుంది. ఆయన ఆ మూడవ రాత్రి దృశ్యాన్ని వెనుకకు త్రిప్పి, ఢీకొనడానికి ముందు క్షణంలో ఆపి, తెరకు దగ్గరగా జరిగి చాలాసేపు చూశారు. రెండు చుక్కలు. రెండూ ఒకటే. ఇషిహారా పుటలే మరల ఎదుట నిలిచాయి.

తల్లికి డెబ్బైనాలుగేళ్ళు. రెండు కళ్ళకూ శుక్లాలు తీయించారు. ఆ వేళకు పాలగ్లాసు తెచ్చి బల్లమీద పెట్టబోయింది.

"అమ్మా, ఇటు చూడు. ఈ రెండు దీపాల్లో ఎర్రది ఏది?"

ఆమె వెంటనే చెప్పలేదు. ఆ ఇంటిలో రంగును గురించిన ప్రశ్న ఇరవైమూడేళ్ళుగా ఎవరూ అడగలేదు. చీర కొనడానికి పోయినా ఆమె కుమారుని రంగు అడిగేది కాదు.

"కుడిపక్కదిరా."

"అంటే నా మీదికి వస్తున్నాడన్నమాట."

ఆయన తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, దీపాల నియమమంతా పిల్లలకు పాఠం చెప్పినట్లు చెప్పారు. ఎరుపు కుడివైపు ఉంటే ఏమిటి, ఎడమవైపు ఉంటే ఏమిటి. చెప్పి, కొంతసేపు ఆగారు.

"ఆ రోజు నన్ను పంపించి ఉంటే ఎవడో ఒక తల్లి కన్నబిడ్డను చంపి ఉండేవాణ్ణమ్మా. వాళ్ళు సరిగ్గానే ఆపారు." మరల ఆగారు. "ఆ రోజు ఇంటికొచ్చి నేనొక మాటన్నాను. సారె అని."

"ఏ సారె?" అన్నది తల్లి. "నాకేం గుర్తులేదు నాయనా. పాలు చల్లారిపోతున్నాయి, తాగు."

ఆయన పాలు తాగారు. ఆ తరువాత విమానాన్ని మరల చీకటిలోనికి ఎక్కించారు. ఈసారి తల్లి పక్కన కూర్చున్నది. వరుస కట్టేవేళ దీపాలు కనబడినప్పుడల్లా ఆమె చెబుతున్నది. "ఎర్రది ఎడమ. పోతున్నాడు, పోనీ." "ఇది కుడిరా, కుడి. తప్పుకో, తప్పుకో." ఆయన తప్పుకొన్నారు. వంపు తిరిగి, చక్రాలు దించి, రన్‌వే చివర దీపాల వైపు చూస్తూ పట్టుకొన్నారు. విమానం ఒక చిన్న గెంతు గెంతి కుదురుకొన్నది.

"దిగామా?"

"దిగామమ్మా. ఇంకా ఆగలేదు, ఉండు."

విమానం మెల్లగా పోయి ఆగింది. ఆయన ఇంజిను ఆపారు. పంకా రెండు చుట్లు తిరిగి నిలిచింది. తల్లి తెర వైపే చూస్తూ, ఎవరితోనో అన్నట్లు మొదలుపెట్టింది.

"మా నాన్నా ఇంతే. దొడ్లో పండుమిరపకాయలు కోసుకురమ్మని మా అమ్మ బుట్ట ఇచ్చి పంపేది. పచ్చివీ పండువీ అన్నీ కలిపి కోసుకొచ్చి, ఎంత ఎర్రగా ఉన్నాయో చూడవే అనేవాడు. మా అమ్మ బుట్టలోకి చూసి, ఆయన మొహంలోకి చూసి..."

నవ్వు వచ్చి ఆమె అక్కడ ఆగింది. ఆ కథలో అందరూ నవ్వే చోటు అది కాదు, ఇంకా ముందుంది. కుమారుడు కుర్చీ ఆమె వైపు తిప్పుకొని కూర్చున్నారు.